మంచుగోడ అవతలి బావ

డోజరు బాబాయి మితభాషి అని ఊళ్లో ఎవరైనా అంటే నమ్మకండి. అలా అనేవాళ్లు ఆయన్ని బయట చూసినవాళ్లే గానీ ఇంట్లో చూసినవాళ్లు కారు. బయట పలకరిస్తే ‘ఊఁ’ అంటాడు. ఇంకాస్త గట్టిగా పలకరిస్తే ‘ఊఁ ఊఁ’ అంటాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పి, పిన్ని కుట్టుమిషను పక్కకి ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడంటే మాత్రం ఆయన నోటికి తాళం వెయ్యడం ఎవరి తరమూ కాదు. చెప్పేదల్లా మంచు గురించే. ఇవాళ్టి మంచు నిన్నటికంటే ఎంత బరువు, బ్లేడుకి ఎలా అతుక్కుంది, ఏ మలుపులో మోసం చేసింది. చెప్పిన మాట వినని చుట్టం గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటాడు. పిన్ని పంట్లాముల అంచులు మడిచి కుడుతూ మధ్యమధ్య ‘అయ్యో పాపం’ అంటుంది. ఆ పాపం ఆయనకో మంచుకో ఎప్పుడూ తేల్చి చెప్పదు.

ఆయన రోడ్లశాఖలో డోజరు, అంటే మంచు తోసే బుల్డోజరు, డ్రైవరు. చలికాలమంతా ఊరి నుంచి కనుమ మీదికి పోయే రోడ్డు మంచు కింద పడుకుని ఉంటుంది. ఎండ కాస్త పదునెక్కగానే బాబాయి ఊరి చివరి ఇంటి దగ్గర బండి ముందున్న బ్లేడు దించి, ఒక్కో మలుపూ తోసుకుంటూ పైకి పోవాలి. పైన సైనికుల పోస్టు ఉంది. ఆ పోస్టుకి అవతల సరిహద్దు ఉంది.

సరిహద్దు అని అలవాటుగా అంటాం గానీ, అక్కడున్నది తగువు. మన పటంలో గీత ఒకచోట ఉంది, వాళ్ల పటంలో ఇంకోచోట ఉంది. రెండు గీతల మధ్య బడి మైదానమంత జాగా మిగిలింది. గొర్రె మూతి పెట్టేంత గడ్డి కూడా మొలవదక్కడ. అయినా నాదంటే నాదని రెండు దేశాలూ పట్టుబట్టాయి, దాని కోసం రెండువైపులా కడుపుకోతలు మిగిలాయి. ఇన్నేళ్లలో రెండు పక్షాలూ ఒప్పుకున్న సంగతి ఒక్కటే: తేలేదాకా ఆ జాగాలో ఎవరూ కాలు పెట్టకూడదు. ఎప్పుడు తేలుతుంది? బాబాయి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ‘ఇదిగో, ఈ ఏడే’ అన్నారు. ఆయన జుట్టు నెరిసింది, ఇంకా అదే మాట అంటున్నారు.

కాబట్టి మన డోజరు మన గీత దాకా, వాళ్ల డోజరు వాళ్ల గీత దాకా. మధ్య జాగాలో మంచు గోడలా నిలబడిపోతుంది. దాన్ని తోసే హక్కు ఎండకి తప్ప ఎవరికీ లేదు.

ఆ గోడకి అవతల ఒక పచ్చరంగు డోజరు ఉండేది, పసుపు పచ్చ. దాని డ్రైవరే అవతలి బావ. బాబాయి అతని మొహం ఎన్నడూ చూడలేదు. చూడ్డానికేముంది, నల్లకళ్లద్దాలు, మఫ్లరు, చెవులు మూసే టోపీ, ఇద్దరిదీ ఒకటే వేషం. ఏటా ఇద్దరిలో ముందొచ్చినవాడు గోడ దగ్గర ఆగి రెండోవాడి కోసం చూస్తాడు. రెండోవాడు రాగానే చెరి రెండుసార్లు పొడుగ్గా హారన్ కొడతారు. బ్లేడు పూర్తిగా పైకెత్తి, తల ఊపినట్టు రెండుసార్లు కిందికీ పైకీ ఆడిస్తారు. తర్వాత ఎవరి దారిన వాళ్లు వెనక్కి తిరుగుతారు. ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తుండి ఉండదు. 

బావ అని పేరు పెట్టింది పిన్ని. “ఏడాదికోసారి కనబడి, తల ఊపి, మంచీ చెడూ అడక్కుండా పోయేవాడు మీకు బావ కాక ఇంకెవరు? అచ్చం మా అన్నయ్యే” అంది. 

అంతా బాగానే ఉంది గానీ, కొన్నేళ్లుగా ముందొచ్చేది బావే. బాబాయి చెమటోడ్చి చివరి మలుపు తిరిగేసరికి, అవతల పచ్చ డోజరు ఇంజను ఆపేసుకుని, ఎండ కాచుకుంటూ కూర్చుని ఉండేది. అది చూస్తే బాబాయికి ఒళ్లు మండేది. 

“ఈసారీ మీ బావే గెలిచాడా?” అనేది పిన్ని.

“గెలవడానికి ఇదేమన్నా పరుగు పందెమా?” అనేవాడు బాబాయి. అనేసి, భోజనం దగ్గర ముభావంగా కూర్చునేవాడు.

ఇక్కడ పంట్లాం కాలువ సంగతి చెప్పాలి. ఆ మధ్య జాగాకి సరిగ్గా పైన కొండవాలు మీద లోతైన గాడి ఒకటుంది. పైన ఒకటిగా మొదలై కిందికి వచ్చేసరికి పంట్లాం కాళ్లలా రెండుగా చీలుతుంది. ఒక కాలు మన రోడ్డు మీదికి, చివరి మలుపు దగ్గరికి దిగుతుంది. రెండో కాలు వాళ్ల రోడ్డు మీదికి దిగుతుంది. కొండ మీద మంచు పెళ్ల ఊడినప్పుడు అది ఆ గాడిలోకి వచ్చి, రెండు కాళ్లలోకీ చీలి, చెరో రోడ్డు కిందున్న తూములోంచి దూరి లోయలో పడిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు. ఆ కాళ్లు తెరిచి ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు.

అందుకే పాత డ్రైవర్లు కొత్తవాళ్లకి మొదట చెప్పేది ఇదే: చివరి మలుపులో మంచుని పక్కనున్న కాల్లోకి తొయ్యొద్దు. బ్లేడు నిండగానే వెనక్కి తీసుకొచ్చి, దిగువన వెడల్పు చోట లోయలోకి దొర్లించు. అక్కడికీ ఇక్కడికీ తిరగలేక ప్రాణం విసుగెత్తుతుంది, ఆ ఒక్క మలుపు దగ్గరే రోజులు రోజులు పోతాయి. పోనీ. బాబాయి కూడా ఉద్యోగమంతా అలాగే చేశాడు, ఆ ఒక్క ఏడు తప్ప.

ఆ ఏటి ముందటి చలికాలం మొదట్లోనే పైన కొట్లాట జరిగింది. మొదట మాటలు, తర్వాత రాళ్లు, కర్రలు, చివరికి తుపాకులు. రెండువైపులా కుర్రాళ్లు పోయారు. పిన్ని పొడుగు తగ్గించి ఇస్త్రీ చేసి మడత పెట్టిన ఓ సైనికుడి పంట్లాం తీసుకుపోవడానికి ఎవరూ రాక, అలమారులో అలాగే ఉండిపోయింది. మంచు కరుగుతుంటే ఊరి నిండా లారీలు దిగాయి. దుకాణాల ముందు జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. పోస్టుకి కొత్తగా ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. మంచివాడే. నిద్రలేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“రోడ్డు ఎంత తొందరగా తెరిస్తే అంత మంచిది. ఇంకో మాట. అవతలివాళ్లకి హారన్లూ సైగలూ ఏవీ వద్దు. ఈసారి చిన్న చప్పుడైనా ఎటు దారి తీస్తుందో చెప్పలేం” అన్నాడు బాబాయితో.

“ఊఁ” అన్నాడు బాబాయి.

తొందర అన్న మాట చెవిన పడగానే ఆయనకి లోపల ఎక్కడో సంతోషం వేసింది. సైన్యానికి తొందర, దేశానికి తొందర. కానీ చివరి మలుపు దగ్గర నిలబడి పంట్లాం కాలువ మన కాలు వైపు చూసినప్పుడు ఆయన తలచుకున్నది సైన్యాన్నీ కాదు, దేశాన్నీ కాదు. ఎండ కాచుకుంటూ కూర్చునే పచ్చ డోజరుని. ఈ ఒక్క ఏడాదికి ఏమవుతుందిలే అనుకుని బ్లేడు పక్కకి తిప్పాడు. ఆ మలుపులోని మంచంతా కాల్లోకి తోసి, పైన రెండుసార్లు అదిమి చదును చేశాడు. కొండవాలులో కలిసిపోయింది. చూసేవాళ్లకి అక్కడో కాలు ఉందని కూడా తెలియదు.

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక మన గీత దగ్గరికి చేరాడు. అవతల ఎవరూ లేరు. ఏళ్ల తర్వాత మొదటిసారి ముందొచ్చాడు. ఇంజను ఆపి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్లి పిన్నికి ఈ సంగతి ఎక్కణ్నుంచి మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

పచ్చ డోజరు ఎంతోసేపటికి గాని రాలేదు. గోడ దాకా వచ్చి ఆగింది. కుర్ర ఆఫీసరు బైనాక్యులర్లు కళ్లకి పెట్టుకుని బాబాయి బండి పక్కనే నిలబడ్డాడు. అవతల సైనికులు కూడా అలాగే చూస్తున్నారు. 

బావ రెండుసార్లు హారన్ కొట్టాడు. బ్లేడు ఎత్తి రెండుసార్లు ఊపాడు.

బాబాయి చెయ్యి హారన్ మీదికి పోయింది. ఆఫీసరు తలెత్తి చూశాడు. చెయ్యి వెనక్కి వచ్చింది.

బావ వెనక్కి తిరిగి పోవచ్చు కదా? పోలేదు. ఆగాడు. ఏటా వచ్చే జవాబు ఈసారి ఎందుకు రాలేదా అనుకున్నాడేమో. మళ్లీ రెండుసార్లు కొట్టాడు. మళ్లీ ఆగాడు. బాబాయి తల వంచుకుని స్టీరింగు లీవర్ల వంక చూస్తూ కూర్చున్నాడు. పోవయ్యా, పో, అని లోపల్లోపల గొణుక్కున్నాడు.

అప్పుడు పైనుంచి దుప్పటి చింపినట్టు చప్పుడైంది. 

కొండవాలుకి అడ్డంగా ఒక గీత పడింది, ఆ గీత కింది మంచంతా కదిలింది. కదిలి గాడిలోకి దిగింది. బాబాయి కళ్లు మన కాలు మీదే ఉన్నాయి. మంచు అక్కడి దాకా వచ్చింది, దారి దొరకలేదు. పాలు పొంగినట్టు పైకి లేచి, మధ్యలోంచి పొర్లి, గోడ మీదికి, పచ్చ డోజరు మీదికి విరుచుకుపడింది. తర్వాత తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

పొగ విడిపోయేసరికి పచ్చ డోజరు ఉండాల్సిన చోట లేదు. మంచు దాన్ని పక్కకి ఈడ్చుకొచ్చి మధ్య జాగాలో ఎక్కడో పూడ్చేసింది. 

అవతలి సైనికులు పరుగున వచ్చారు. వాళ్ల గీత దగ్గరికి రాగానే నూతి గట్టు మీదికి వచ్చినట్టు ఠక్కున ఆగిపోయారు. మనవాళ్లూ మన గీత దగ్గర ఆగిపోయారు. చేతుల్లో పారలున్నాయి, తుపాకులున్నాయి. మనిషి అందరి కళ్లెదుటే ఉన్నాడు. రెండు దేశాలూ నాదంటే నాదనే నేల మీద, మంచు కింద ఉన్నాడు. అతన్ని తియ్యడానికి మాత్రం ఒక్కరికీ హక్కు లేదు.

ఆఫీసరు వైర్‌లెస్ పట్టుకున్నాడు. చెప్పిందే చెబుతున్నాడు. అటునుంచి ఆగమని తప్ప ఇంకో మాట రావడం లేదు. అవతల కూడా ఒకతను వైర్‌లెస్ పట్టుకుని అదే పనిలో ఉన్నాడు. 

చచ్చాడు, నేనే చంపాను, అనుకున్నాడు బాబాయి. ఏం చేస్తున్నాడో తెలియకుండానే హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. ఒకసారి పొడుగ్గా, ఇంకోసారి పొడుగ్గా. 

“ఏయ్! ఏం చేస్తున్నావ్?” అని ఆఫీసరు అరిచాడు.

అప్పుడు మంచు కిందనుంచి జవాబొచ్చింది. పెట్టెలో పెట్టి పైన పరుపులేసి మూసిన చప్పుడులాగా, మందంగా, దూరంగా. అయినా అందరికీ వినిపించింది. ఒకసారి. ఇంకోసారి.

అవతల ఒక సైనికుడు టోపీ తీసేశాడు.

బాబాయి ఇంజను స్టార్టు చేశాడు. ఆఫీసరు బండికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“దిగు. పైనుంచి జవాబు రావాలి.”

“ఆ లోపల గాలెంతసేపు ఉంటుంది సార్?”

“అది నాకూ తెలుసు. సైన్యం ఆ జాగాలో కాలు పెడితే ఏమవుతుందో నీకు తెలుసా?”

“నేను సైన్యం కాదు సార్. రోడ్లశాఖ.”

“వాళ్లు కాలుస్తారు. నిన్ను కాలిస్తే మేం ఊరుకోం. మేం ఊరుకోకపోతే ఇంక అది ఆగదు. అర్థమవుతోందా?”

అర్థమైంది. పోయిన కుర్రాళ్లూ, అలమారులోని పంట్లామూ, ఊళ్లో నిండిన లారీలూ, అన్నీ అర్థమయ్యాయి. కింద మళ్లీ హారన్ మోగింది. ఈసారి ఇంకాస్త నీరసంగా. ఆ కాలు పూడ్చింది నేనే సార్ అని చెబుదామనుకున్నాడు బాబాయి. అది చెప్పడానికి చాలని ధైర్యం బండి నడపడానికి మాత్రం చాలింది, మనుషులు అలాగే ఉంటారు.

“బ్లేడు పైకెత్తుకుని పోతాను సార్. వాళ్లు కాలిస్తే మీరు కాల్చకండి. నా మీద ఒట్టు” అన్నాడు. 

ఆఫీసరు ఒక్క అడుగు పక్కకి వేసి, తన మనుషుల వైపు తిరిగి, “తుపాకులు కిందికి” అన్నాడు.

బాబాయి బ్లేడుని పూర్తిగా పైకెత్తాడు. అలా ఎత్తితే ఎదర సగం కనబడదు. బ్లేడు కిందనుంచి కనబడేంత నేల చూసుకుంటూ, నత్తనడకన మన గీత దాటాడు. ఉద్యోగంలో మొదటిసారి దాటాడు.

ఢాం అని పేలింది. బ్లేడు మీద ఠంగుమంది.

బండి ఆపేశాడు. ఇంకోటి పేలితే అద్దంలోంచే వస్తుందని తెలుసు. పిన్ని గుర్తొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. బ్లేడుని కిందికీ పైకీ ఆడించాడు. రెండుసార్లు.

అవతల ఒక ముసలి సార్జెంటు ఏదో గట్టిగా అరిచాడు. ఏటేటా అక్కడ కాపలా కాసి, ఆ తల ఊపడాన్ని చూసినవాడై ఉంటాడు. పక్కవాడి తుపాకి గొట్టాన్ని చేత్తో పట్టి నేల వైపు వంచేశాడు. మంచు కిందనుంచి హారన్ ఒక్కసారే మోగి సగంలో ఆగిపోయింది. 

ఇంక బాబాయి ఎటూ చూడలేదు. మనిషి మీదికి బండి ఎక్కించకూడదు, బరువుకి లోపలున్నవాడు నలిగిపోతాడు. పల్లపు వైపు నుంచి పొర తర్వాత పొర గీకుతూ పోయాడు. బ్లేడు అంచుకి పచ్చరంగు ఇనుము తగిలి కిర్రుమనగానే దిగి పార అందుకున్నాడు. తవ్వుతుంటే పక్కన ఇంకో పార పడింది. ఇంకోటి పడింది. తలెత్తి చూస్తే మన సైనికులూ వాళ్ల సైనికులూ భుజాలు రాసుకుంటూ తవ్వుతున్నారు. ముందు ఎవరు కాలు పెట్టారో తర్వాత జరిగిన రెండు విచారణల్లోనూ తేలలేదు. ఎవర్నడిగినా నేను రెండోవాణ్ని అన్నారు.

అద్దం పగిలి, క్యాబిన్‌లో మంచు గుండెల దాకా నిండి ఉంది. లోపల బావ ఉన్నాడు. 

ఇన్నేళ్లూ బాబాయి మనసులో ఊహించుకున్నది కొండంత మనిషిని, మెలితిరిగిన మీసాలవాణ్ని. తీరా చూస్తే పిట్టంత ముసలాయన. బాబాయికంటే బాగా పెద్దవాడు. టోపీకి అల్లిక మాసికలు వేసి ఉంది, ఎవరో ఇంట్లోవాళ్లు శ్రద్ధగా వేసినవి. ఒక చెయ్యి ఇంకా హారన్ మీదే ఉంది. ఒక కాలు సీటు కింద నలిగిపోయింది. నన్ను ఇన్నేళ్లు ఓడించింది ఈయనా అని ఆ స్థితిలో కూడా బాబాయికి ఆశ్చర్యం వేసింది.

బయటికి తీసి పడుకోబెట్టగానే ముసలాయన బాబాయి కాలరు పట్టుకుని ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. బాబాయి ఇంక ఉండబట్టలేకపోయాడు. పంట్లాం కాలువ మన కాలు వైపు వేలు చూపించాడు. ఆ వేలితోనే తన గుండె చూపించుకున్నాడు. రెండు అరచేతులతో మంచు తోసినట్టు, అదిమినట్టు చేసి చూపించాడు. డ్రైవరుకి డ్రైవరు చెబితే అర్థం కాకపోవడం ఉండదు. ముసలాయన తల తిప్పి కొండ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత బాబాయి మొహంలోకి చూశాడు. కాలరు వదిలేసి కళ్లు మూసుకున్నాడు. వాళ్లవాళ్లు స్ట్రెచరు ఎత్తుకుని వెళ్లిపోయారు.

ఆ చూపు బాబాయితో ఇంటికొచ్చింది. 

ఇంటికొచ్చి మొత్తం చెప్పాడు. పిన్ని మిషను మీంచి కాలు తీసేసింది. బాబాయి చెప్పినదాంట్లో ఆమె ‘అయ్యో పాపం’ అననిది అదొక్కటే.

“బుద్ధి ఉందా మీకు? ముందొస్తే ఏమొచ్చింది? మెడలో పతకాలు వేస్తారా?” అంది. తర్వాత ఏడ్చింది. బ్లేడుకి తగిలిన గుండు సంగతి చెప్పినప్పుడు ఇంకా ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఒళ్లోని పంట్లాం వంక అలాగే చూస్తూ కూర్చుంది. 

“ఇదిగో, ఒకటి చెప్పండి. ఒక కాలు మీరు మూశారు. మరి సరుకంతా రెండో కాల్లోంచి పోవాలి కదా?”

“అంటే?”

పిన్ని ఆ పంట్లాం ఒక కాల్లోకి గుడ్డపేలికలు కుక్కింది. నడుం దగ్గర పట్టుకుని బొత్తాల డబ్బా ఒంపింది. బొత్తాలన్నీ రెండో కాల్లోంచి జరజరా నేల మీద పడ్డాయి. 

“చూశారా? పైకి పొంగలేదు. పొంగాలంటే...” అని ఆగి, రెండో కాలు చేత్తో నులిమి పట్టుకుని చూపించింది.

“ఛ ఛ. బావ అలాంటివాడు కాదు” అన్నాడు బాబాయి. అని, వంగి బొత్తాలు ఏరడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతి నెలల్లో ఒక ఆఫీసువాళ్లు సభ పెట్టి సాటి మనిషిని కాపాడినందుకు మెచ్చుకున్నారు. ఇంకో ఆఫీసువాళ్లు గీత దాటినందుకు మెమో ఇచ్చారు. మెమోకి ఆయన బాధపడలేదు. సభలో మాత్రం కుర్చీలో ముళ్లున్నట్టు కూర్చున్నాడు. చప్పట్లు కొడుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది. లేచి నిజం చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాడు, చెప్పలేదు. బండి మీంచి తీసేస్తారేమో అనుకున్నాడు గానీ, ఆ కనుమ మీదికి పోతానని ఇంకెవరూ ముందుకు రాలేదు. 

పచ్చ డోజరు మధ్య జాగాలోనే ఉండిపోయింది. దాన్ని ఎవరు లాగాలన్నది ఇంకో తగువైంది. బావ బతికాడో పోయాడో తెలుసుకునే దారి లేదు. ఉండబట్టలేక కుర్ర ఆఫీసర్ని అడిగాడు. “నాకెలా తెలుస్తుంది? వాళ్లతో మాటలే లేవు” అన్నాడాయన. ఆ ఏడాది పొడుగునా బాబాయి ముక్కాలిపీట మీద కూర్చుని కూడా మంచు గురించి మాట్లాడలేదు. పిన్నికి ఇల్లు బావురుమన్నట్టు అనిపించేది.

మళ్లీ ఎండలు పదునెక్కాయి. బాబాయి బ్లేడు దించాడు. చివరి మలుపు దగ్గరికి వచ్చాక బ్లేడు నిండినప్పుడల్లా వెనక్కి తిరిగాడు. దిగువకి తెచ్చి లోయలోకి దొర్లించాడు, మళ్లీ ఎక్కాడు. గాలికి కొట్టుకొచ్చి కాల్లో పేరుకున్న మంచుని కూడా గోకి తెచ్చి పడేశాడు.

“ఏమిటీ ఆలస్యం?” అని ఆఫీసరు కేకలేశాడు.

“ఆలస్యమే అవుతుంది సార్” అన్నాడు బాబాయి, తల తిప్పకుండా.

గీత దగ్గరికి చేరేసరికి సరిగ్గా బాబాయి భయపడినట్టే ఉంది. అవతల ఖాళీ. ఏటా తనకంటే ముందొచ్చి కూర్చునేవాడు, తను ఇంత ఆలస్యంగా వచ్చినా లేడు. పోయాడన్నమాట. ఇంజను ఆపాడు. కాళ్లు బారజాపబుద్ధి కాలేదు. 

మర్నాడు కూడా వచ్చి కూర్చున్నాడు. 

“నీ పని అయిపోయింది కదా. ఇంకా ఎందుకు?” అన్నాడు ఆఫీసరు.

“కాసేపు సార్.”

ఎండ నడినెత్తికి వచ్చాక దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. వినిపించి, దూరమైంది. మళ్లీ దగ్గరైంది, మళ్లీ దూరమైంది. బాబాయికి ఆ రాకపోకల చప్పుడు బాగా తెలుసు. క్యాబిన్ మీదికెక్కి నిలబడ్డాడు. అవతలి రోడ్డు మీద, పంట్లాం కాలువ రెండో కాలు దగ్గర, కొత్త నీలంరంగు డోజరు ఒకటి ఉంది. కాలు మొదట్లోంచి మంచు గోకుతోంది, బ్లేడు నింపుకుని వెనక్కి పోతోంది, దూరంగా లోయలోకి దొర్లించి మళ్లీ వస్తోంది. ఓపిగ్గా, ఒక్కో బ్లేడూ. 

కొన్నేళ్లుగా అవతలి బండి ఆ పని చెయ్యగా బాబాయి చూడలేదు. చూడ్డానికి లేదు, ఎప్పుడూ తనకంటే ముందే వచ్చి కూర్చునేది కదా. 

అందుకన్నమాట ముందొచ్చేది. 

పిన్ని నులిమి పట్టుకున్న పంట్లాం కాలు కళ్ల ముందు కదిలింది. బాబాయికి కోపం రావాల్సిందే. రాలేదు. దొంగ బావా అని నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది, కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. బతికే ఉన్నాడు.

ఎండ వాలుతుండగా నీలం డోజరు గోడ దగ్గరికి వచ్చి ఆగింది. క్యాబిన్ పక్క ఊచలకి చంకకర్ర ఒకటి తాడుతో కట్టి ఉంది. రెండుసార్లు హారన్ మోగింది. బ్లేడు లేచి రెండుసార్లు ఊగింది. 

బాబాయి ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు చంకకర్ర వైపు చూస్తున్నాడు.

“అడుగుతున్నాడుగా. జవాబు చెప్పవా?” అన్నాడాయన. 

బాబాయి హారన్ మీద అరచెయ్యి పెట్టాడు.

ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు విప్పి, ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. పిన్ని మిషను ఆపకుండానే ఓరకంట చూసింది.

“ఏమంటాడు మీ బావ? ఈసారి ఎవరు ముందు?”

“ఇద్దరం ఆలస్యమే” అన్నాడు బాబాయి. ఆ ఏడు మంచు ఎంత బరువుందో చెప్పడం మొదలుపెట్టాడు.